నానమ్మ పోలిక

“ఫొటో తీసేదాకా పిల్ల చెవుల్లోవి తీసెయ్యమ్మా హిమా. పదిమందీ చూసేది, కలకాలం ఉండిపోతుంది” అంది కనకరత్నం.

హిమబిందు భర్తకి ఆవిడ మేనత్త. తాడేపల్లిగూడెంలో ఆవిడ మనవడి పెళ్ళి. మండపం మీద సన్నాయి, డోలు మోగిపోతున్నాయి. ఐదేళ్ళ రమ్యశ్రీ చెవుల వెనక గులాబీరంగు వినికిడి మిషన్లున్నాయి. హిమబిందు చెయ్యి కూతురి చెవిదాకా వెళ్ళి ఆగింది.

“తీయకు.” వెనక వరసలోంచి లేచి వచ్చింది ఆమె అత్తగారు ఆండాళ్ళు. ముడి పైకెత్తి కట్టుకోవడంతో ఆవిడ చెవుల వెనక మిషన్లు కూడా అందరికీ కనబడుతున్నాయి. “తీస్తే ఫొటో అబ్బాయి నవ్వమన్నది దానికెలా వినపడుతుంది, వదినగారూ?”

“ఇంత గోలలో నా మాట అంత దూరానికి వినపడిందా నీకు! మంచి మిషన్లే కొన్నావు.”

“మంచివేనండి” అంటూ ఆండాళ్ళు మనవరాలి పక్కన నిలబడి, తనూ చెవి కెమెరావైపు తిప్పింది.

ఆండాళ్ళు గుండుగొలను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఏలూరులో కొడుకు సాకేత్ దగ్గర ఉంటోంది. రమ్యశ్రీకి మూడో ఏట మిషన్లు పెట్టించినప్పుడు ఇంట్లో రోజూ యుద్ధమే. ఆ పిల్ల ముందు అమ్మ చెవులు, తర్వాత నాన్న చెవులు తడిమి చూసేది. వాళ్ళకి ఏమీ లేవని తెలియగానే తనవి పీకి విసిరేసేది. ఒకసారి నీళ్ళ బకెట్లో పడేసింది.

“అసలు నాకు కూడా ఎప్పుడో పెట్టుకోవాల్సింది. సిగ్గుపడి ఊరుకున్నాను” అని ఆండాళ్ళు ఒక్కతే క్లినిక్కి వెళ్ళి, చెవులకి మిషన్లతో తిరిగొచ్చింది. పిల్ల ఆవిడ చెవులు తడిమింది. తన చెవులు తడుముకుంది. మళ్ళీ పీకలేదు.

అప్పటినుంచి ఇద్దరిదీ ఒకటే పద్ధతి. స్నానానికి ముందు మిషన్లు తీసేయాలి. తలకి నూనె రాసినప్పుడు చెవి వెనక శుభ్రంగా తుడుచుకున్నాకే పెట్టుకోవాలి. పడుకోబోయే ముందు పక్కపక్కన కూర్చుని, మెత్తటి బ్రష్షుతో గులిమి దులిపి, పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే గింజలున్న డబ్బాల్లో పెట్టాలి. బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికొస్తుందని ఆండాళ్ళు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేది. “ఎవరి మిషన్ వాళ్ళదే. నాది నువ్వు పెట్టుకోకూడదు, నీది నేను పెట్టుకోకూడదు” అని రోజూ పాఠంలా చెప్పేది.

భోజనాల దగ్గర కనకరత్నం మళ్ళీ మొదలుపెట్టింది.

“నీదంటే వయసుతో వచ్చింది, ఆండాళ్ళూ. పసిపిల్లకేమిటి? మా ఇంటా వంటా లేదిది. హిమ వాళ్ళ వైపు ఎవరికో ఉండే ఉంటుంది. చెప్పకుండా పెళ్ళి చేశారు. రేపు రెండో బిడ్డా ఇలాగే పుడితే మావాడి గతేమిటి?”

హిమబిందు కలిపిన ముద్ద విస్తట్లోనే ఉండిపోయింది. సాకేత్ తలెత్తకుండా తింటున్నాడు.

ఆండాళ్ళు లేచి నిలబడింది. క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడింది, బంతి చివరిదాకా వినపడేలా.

“నాది వయసుతో వచ్చిందని ఎవరన్నారండీ? పుట్టుకతో ఉంది. దాచి పెళ్ళి చేసింది మా నాన్నగారు. పోయిన మీ తమ్ముడికి తెలుసు, ఆయన ఏనాడూ నన్నో మాట అనలేదు. పిల్లది నా పోలిక. అనదలుచుకుంటే నన్నే అనండి, ఎదురుగానే ఉన్నాను. నా కోడల్ని ఇంకొక్క మాటంటే మాత్రం ఊరుకోను.”

“అయ్యో, ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశావన్నమాట!”

“చేశాను. ఏం చేస్తారు?”

ఆండాళ్ళు కొడుకువైపు తిరిగింది. “నీ పెళ్ళాన్ని అంటుంటే ముద్ద ఎలా దిగుతోందిరా?”

సాకేత్ విస్తరి మడిచేశాడు. “అత్తా, ఈ మాట మళ్ళీ వస్తే మేం మీ గుమ్మం తొక్కం” అన్నాడు. ఇన్నాళ్ళుగా హిమబిందు ఆ మాట కోసమే ఎదురుచూసింది. అయినా ఆమెకి సంతోషం కలగలేదు. కారులో ఏలూరు వచ్చేదాకా అత్తగారి మాటే చెవిలో గింగురుమంది. నా పోలిక. అంటే ఇది వంశంలో ఉన్నదే. ఆమెకిప్పుడు మూడో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పిల్లని క్లినిక్కి తీసుకెళ్ళారు. పిల్ల ఎదుగుతోంది, మిషన్ చెవిలో పట్టి ఉండేలా పోసిన అచ్చులు వదులై అది కూత పెడుతోంది. ఆడియాలజిస్టు ఫణికిరణ్ కొత్త అచ్చులకి కొలత తీసుకున్నాడు. నానమ్మా మనవరాలూ బయట హాల్లోకి వెళ్ళారు. హిమబిందు కుర్చీలోంచి లేవలేదు.

“ఒక్క మాటండీ. నాకిప్పుడు మూడో నెల. పాపకిది మా అత్తగారి నుంచే వచ్చింది కదా, ఈ బిడ్డకీ వస్తుందా?”

“ఆవిడ నుంచి వచ్చిందని ఎవరన్నారండీ?”

“ఆవిడే. నిన్న పెళ్ళిలో అందరి ముందూ లేచి చెప్పారు. పుట్టుకతో ఉందట.”

ఫణికిరణ్ అద్దం తలుపులోంచి హాల్లోకి చూశాడు.

“రెండో బిడ్డ సంగతి నేను చెప్పకూడదండి. జన్యుపరీక్షలు చేసే డాక్టరుగారికి చూపించుకోండి, వాళ్ళు అన్నీ వివరంగా చెబుతారు. మీ అత్తగారికి మాత్రం నేను మాటిచ్చాను, ఎవరితోనూ అననని. కానీ మిమ్మల్ని ఈ భయంతో ఇంటికి పంపలేను.”

“ఏమిటండీ అది?”

“ఆవిడకి అసలు చెవుడే లేదండి.”