చల్లారని ఎముక

కొమ్ములేని ఆ పాతకాలపు ఖడ్గమృగం ఏనుగు కంటే ఎత్తు. దాని ఎముకలను మ్యూజియంలో నిలబెట్టాం. ముందుకాలి పాదంలో ఒక ఎముక దొరకలేదు. దాన్ని ప్లాస్టర్‌తో నేనే పోశాను.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కి, గంట రెండు గంటల్లో చల్లారుతుంది. ఇది పోసి మూడు రోజులైంది. ఆ రాత్రి చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది.

కాపలా కాసే మా బావమరిది నవ్వాడు. "జ్వరమేమో బావా, ఓ మాత్ర వెయ్యి."

"నోర్ముయ్. లోపల పచ్చిగా ఉంటే కాలు కూలుతుంది. పొద్దున్నే బడిపిల్లలొస్తారు."

గోటితో గీశాను. రాయిలా ఉంది. దాని పై ఎముక అసలుది, కోట్ల ఏళ్లనాటిది. తడిమితే అదీ వెచ్చగా ఉంది.

పాదం కింద ఆసరాగా చెక్క దిమ్మె పెట్టాం. తెల్లారేలోగా తీసెయ్యాలి. అంత బరువు కింద ఉన్నది సుత్తితో కొడితే తప్ప రాదు.

"వద్దు బావా, నా మాట విను."

దిమ్మె మీద చెయ్యి వేశాను. అది ఊరికే చేతిలోకి వచ్చేసింది. పాదం మాత్రం కిందికి దిగలేదు.

సందులో అరచెయ్యి పెట్టి చూశాను. చెయ్యి దూరేంత ఖాళీ ఉంది.

"కాలు దించుతుందంటావా?" అన్నాడు బావమరిది, నా వెనక నక్కి.

నాకూ అదే చూడాలని ఉంది. చెయ్యి తియ్యలేదు.