కిటికీ తెర

విమానంలో రెండు సీట్ల మధ్య ఉండే ఆ చేతిపట్టె ఎవరి సొత్తో ఇంతవరకూ ఏ పెద్దమనిషీ తేల్చలేదు.

దర్జీ మామయ్య మాత్రం ఎక్కీ ఎక్కగానే తేల్చేశాడు. తన మోచెయ్యి పెట్టి పక్కాయన మోచేతిని అవతలికి నెట్టేశాడు.

పక్కాయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బూడిదరంగు స్వెటర్ మెడదాకా లాక్కుని, "కిటికీ తెర కాస్త దించుతారాండీ? ఎండ కళ్లలో పడుతోంది," అన్నాడు.

"దించడమా! ఈ కిటికీ సీటు కోసం ఎంతమందిని బతిమాలానో మీకేం తెలుసు?"

తెర దిగలేదు.

మామయ్య ఒళ్లో పెట్టుకోవలసిన పెట్టె తల పైనున్న అరలో హాయిగా పడుకుంది. అది నలక్కూడదని పక్కాయన సంచీ దించి ఆయన కాళ్ల దగ్గరే పడేశాడు. ఆయన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"తప్పదండీ! అందులో పెళ్లిగౌను ఉంది. సాయంత్రం నా మేనకోడలి పెళ్లి. మావయ్య కుట్టిన గౌను వేసుకునే పెళ్లాడతానని పలకాబలపం పట్టిననాడే చెప్పేసింది. మధ్యలో దిగి ఇంకో విమానం ఎక్కానంటే వేళకి చేరిపోతా."

"చేరతారు," అన్నాడు పక్కాయన, కళ్లు మూసుకుని.

బయట మబ్బులు. కత్తెర పడని తెల్లటి తానులు ఆకాశమంతా పరిచి, కొలతలు మరిచిపోయి ఎవరో భోజనానికి వెళ్లినట్టున్నాయి. మామయ్య అద్దం మీద జాన పెట్టి కొలిచాడు. ఒక్కో మబ్బుకి రెండు గౌన్లు. మిగిలిన ముక్కలో చేతిరుమాలు.

అంత సంతోషం ఒక్కడే ఎలా భరిస్తాడు?

"ఏవండోయ్!"

పక్కాయన కళ్లు తెరిచాడు.

"ఒకాయనకి కోటు కుట్టానండీ. ఎంత తేలిగ్గా కుట్టానంటే, మొదటిరోజే గాలికి వాళ్ల డాబా మీంచి లేచి పక్కింటి డాబా మీద దిగాడు! ఇత్తడి బొత్తాలు వేశాక గానీ మనిషి నేల మీద నిలవలేదు."

పక్కాయన సగం నిద్రలోనే నవ్వాడు. "దిగేటప్పుడు ఎదురుగాలేనా?"

"ఆఁ?"

"ఎదురుగాలైతే దిగడం సులువు."

"అబ్బో, పర్లేదే! మీరేం చేస్తుంటారేమిటి?"

జవాబుకి బదులు ఆయన తల వచ్చి మామయ్య భుజం మీద వాలింది.

గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా అది! మామయ్య భుజం ఎగరేశాడు. తల ఉలిక్కిపడి లేచింది.

"ఏమీ అనుకోకండి. కాస్త కునుకు తీస్తే..."

"పట్టపగలు కునుకేమిటండీ, ఇంత డబ్బు పోసి విమానమెక్కి? మీ ఇంట్లో మంచాల్లేవా?"

విమానం ఉయ్యాలలా ఊగుతోంది. ముందు వరుసలో గురక. వెనక వరుసలో గురక. నీళ్లు పంచే అమ్మాయి కూడా కలలో నడుస్తున్నట్టే నడుస్తోంది. అందరికీ దొరికిన నిద్ర ఆ స్వెటరాయనకి మాత్రం దొరకలేదు. తల వాలినప్పుడల్లా భుజం ఎగిరింది. భుజం మానేసినప్పుడు మామయ్యే లేచి, ఆయన్ని దాటుకుంటూ వెళ్లి, పెట్టె మూత తీసి గౌను క్షేమం కనుక్కుని వచ్చాడు.

విమానం దిగాక, రెండో విమానం అద్దాల అవతలే కనిపించింది. ముక్కు ఎండలో పెట్టుకుని నిలబడి ఉంది. ఎక్కించుకునే తలుపు మాత్రం తెరవలేదు.

మైకు పలికింది. "పైలట్‌కి విశ్రాంతి అవసరమైనందువల్ల విమానం ఆలస్యంగా బయల్దేరుతుంది."

మామయ్య జేబులో ఫోన్ మోగింది.

"మావయ్యా, ఎక్కడున్నావు?"

"విమానం ఎదురుగానే ఉందమ్మా. తోలేవాడే పడుకున్నాడట!"

అవతల ఎవరితోనో మాట్లాడి మళ్లీ ఫోన్ అందుకుంది.

"చీకటి పడేలోగా హాలు ఖాళీ చెయ్యాలిట మావయ్యా. అమ్మ పాత గౌను వేసుకుంటాలే. నువ్వు నిదానంగా రా."

ఆ "నిదానంగా" అన్నమాట వేలిలో సూదిలా దిగింది.

మామయ్య పెట్టె చంకలో పెట్టుకుని కౌంటర్ మీద పడ్డాడు.

"ఎవడమ్మా ఆ నిద్రమొహం? చూపించు, నేను లేపుతా!"

"మెల్లగా సర్," అంది కౌంటర్ అమ్మాయి. "అసలు రావలసిన పైలట్‌కి జ్వరం. విమానం రద్దే చేసేవాళ్లం. ఈయన నిన్నంతా నడిపి, ఇవాళ సెలవైనా సరే వస్తానన్నారు. వచ్చే దారిలో ప్రయాణికుల మధ్య కూర్చుని నిద్రపోతే చాలన్నారు."

"మరి పోలేదా?"

"కుదరలేదట. నిద్రచాలని కళ్లతో ఇంతమందిని ఎక్కించుకోనని తనే వచ్చి చెప్పారు."

"విమానంలో కూర్చున్నాక నిద్ర కుదరకపోవడమేమిటి?"

అమ్మాయి నవ్వు ఆపుకుంది.

"పక్క సీటాయన ఎగిరే కోటు కథేదో చెప్పారట సర్. బావుందన్నారు."

మామయ్య చంకలోని పెట్టె జారబోయింది. పట్టుకున్నాడు.

"ఎక్కడున్నారమ్మా?" ఈసారి గొంతు పైకి లేవలేదు.

"విశ్రాంతి గది ఖాళీ లేదు సర్. అదిగో, ఆ మూల."

మామయ్య చెప్పులు చప్పుడు కాకుండా నడిచాడు.

కుర్చీల వరస చివర, బూడిదరంగు స్వెటర్ మడిచి తలకింద పెట్టుకుని, తెల్లచొక్కా భుజాల మీద బంగారు పట్టీలతో పక్కాయన పడుకుని ఉన్నాడు, మొహం నిండా ఎండ పడుతోంది. దర్జీ మామయ్య పెట్టె కింద పెట్టి, కిటికీ తెర మెల్లగా, చివరిదాకా దించాడు.