ఇరవయ్యొక్క భాగాల టైంటేబుల్

“ముందు డ్రాగన్ల నవలలు ఏడు భాగాలు. తర్వాత మాంత్రికులవి అయిదు. ఆఖర్న ఎగిరే దీవులవి తొమ్మిది. రోజుకి ముప్పై పేజీలు చదివితే ఏడాదిలో అయిపోతాయి,” అంటూ లైబ్రేరియన్ బల్లమీద నా చార్టు పరిచాను. బస్ డిపోలో టైంటేబుళ్లు వేసేవాణ్ణి. గళ్లు గియ్యడంలో నా తర్వాతే ఎవరైనా.

“నాన్నా, కిందటేడు కూడా ఇవే చెప్పావ్,” అంది మా అమ్మాయి.

“అది చిత్తుప్రతి.”

లైబ్రేరియన్ డ్రాగన్ల మొదటి భాగం తెచ్చి తెరిచింది. తొమ్మిదో పేజీలోంచి మడతపెట్టిన కాగితం జారిపడింది. అవే గళ్లు, అదే ఎర్రసిరా. కిందటేడు గుర్తుగా పెట్టి నేను మరిచిపోయిన చార్టు!

“వెనకాల ఎవరో ఏదో రాశారు,” అంటూ అమ్మాయి పైకి చదివింది.

“గురువుగారూ, మీ కాగితం ఇందులో దొరికింది. దాని ప్రకారమే ఇరవయ్యొక్క భాగాలూ పూర్తిచేశాను. మీరు ఎప్పుడో ముగించే ఉంటారు. ఇప్పుడేం చదువుతున్నారు?”

“గురువుగారట!” అని అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను వేసిన టైముకే బస్సు బయల్దేరి, ఊరు చేరి, తిరిగొచ్చేసింది కూడా. ఎక్కనిది నేనొక్కణ్ణే.

పెన్ను తీసి, అలవాటుకొద్దీ గీత గియ్యబోయి ఆగాను. “డ్రాగన్లు చివరికి గెలుస్తాయా?” అని రాశాను.

వెంటనే కొట్టేసి, కింద రాశాను.

“వద్దు, చెప్పకండి. ఇప్పుడే పదో పేజీ తిప్పుతున్నాను.”