బిడ్డ కోసం ఉపవాసం

“రెండు బుక్కలన్న తిను బిడ్డా. నీకిష్టమని గంగవాయిలికూర పప్పు చేసిన.”

ఏంజెల్ కంచం వెనక్కి నెట్టింది. “నువ్వు తింటెనే నేను తింట అవ్వా.”

“నాకు ఉపవాసం గదనే.”

“ఎన్నొద్దులు?”

“నువ్వు మంచిగ తినేదాక.”

ఆ ఇంట్లో భోజనాల వేళ అంటే పంచాయితీ వేళ. శ్రీరాంపూర్ గనిలో షిఫ్టు దిగి వచ్చిన ఏంజెల్ తండ్రి ఫిలిప్ తల్లీకూతుళ్ళ మధ్య కూర్చున్నాడు. ఎలీసబెతుకు ఓపిక అయిపోయింది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, ఎండాకాలంలోనూ స్వెట్టరు విప్పబుద్ధి కావడం లేదు. బిడ్డ బెంగ మనిషిని ఇంత పీల్చి పిప్పి చేస్తుందా అనుకుంది.

మంచిర్యాల డాక్టరమ్మ చెప్పిన మాటలు ముగ్గురికీ కంఠతా వచ్చు. ఇది మొండితనం కాదు, జబ్బు. తిట్టొద్దు, బరువు మాట ఎత్తొద్దు, పక్కన కూర్చుని కలిసి తినాలి. ఇట్లాగే సాగితే మాత్రం గుండెకే ముప్పు. ఆ చివరి మాటే ఎలీసబెతు చెవుల్లో తిరుగుతుంటుంది. అందుకే పూటకో కూర వండుతుంది, కొసరి కొసరి వడ్డిస్తుంది. కరీంనగర్‌లో చదువు మధ్యలో వదిలి వచ్చేసిన పిల్ల మాత్రం ప్రతి పూటా ఇదే పేచీ పెడుతుంది.

ఇంతలో పాస్టరు జోయల్ గారు వచ్చారు. ఏంజెలే ఫోన్ చేసి రమ్మందట.

“వందనాలయ్యగారూ. జర మీరన్న చెప్పుండ్రి. నేను పస్తులుండి ప్రార్థన చేస్తున్నా ఇది తింటలేదు.”

ఉపవాసాలకు సంఘంలో ఎలీసబెతు పెట్టింది పేరు. స్త్రీల కూడికలో ఆమెను చూసి నేర్చుకొమ్మని అందరికీ చెప్పింది ఈయనే. ఇవాళ ఆ ముఖంలోకి సూటిగా చూడలేక చాప మీద కూర్చున్నారు.

“ఇంక మీకు ఉపవాసం లేదమ్మా. దేవుడు అడుగుతలేడు. నాకు గూడ వడ్డించుండ్రి, అందరం కలిసే తిందాం.”

ఎలీసబెతుకు దుఃఖం పొంగుకొచ్చింది. “నేను తింటె నా బిడ్డ జబ్బెట్ల తక్కువైతది అయ్యగారూ?”

ఏంజెల్ చిన్న ముద్ద కలిపి తల్లి నోటి దగ్గరికి తెచ్చింది.

“డాక్టరమ్మ చెప్పింది నీ గురించే అవ్వా.”