ఎవరూ ఏడవని శవం

ఏడవకుండా ఉంటే శవాన్ని ఇచ్చేస్తానన్నాడు కెప్టెన్ ఖాయ్.

"సాయంత్రం పడవలో వేసుకుని పోదువుగాని. అప్పటిదాకా నువ్వు వాడి తల్లివన్న మాట నీ నోట రాకూడదు. వచ్చిందో, నీ కొంపా ఉండదు, నీకు శవమూ దక్కదు. కాలవలో చేపలకి వేయిస్తా. అర్థమైందా ముసలమ్మా?"

"అర్థమైంది బాబూ" అంది థొమ్.

తాలూకా కచేరీ ముందు, మాడ్చేసే ఎండలో, ఆవిడ కొడుకు క్వీని చాప మీద పడుకోబెట్టారు. నల్ల చొక్కా, నల్ల లాగు. చొక్కా చేతులు మణికట్టుదాకా రాలేదు, లాగు పిక్కల మీదే ఆగిపోయింది. బట్టల మడతలు ఇంకా పోలేదు. పక్కన రెండు పాత తుపాకులు పెట్టారు. కాళ్ళ దగ్గర ఒక అట్టముక్క నిలబెట్టారు. దాని మీద పెద్ద అక్షరాలతో 'గెరిల్లా' అని రాసి ఉంది.

థొమ్‌కి చదువు రాదు. శవం దగ్గర కాపలా ఉన్న కుర్ర సిపాయి లొక్‌ని అడిగింది.

"ఏం రాశారు నాయనా?"

"ఏం లేదు పిన్నీ. పేరు రాశారంతే."

లొక్ తన టోపీ తీసి శవం మీద వాలుతున్న ఈగల్ని తోలుతున్నాడు. కెప్టెన్ అది చూసి మండిపడ్డాడు.

"ఒరేయ్! అవతల అమెరికా జనరల్‌గారు సైగాన్‌లో బయల్దేరారు. శత్రువుకి విసనకర్ర విసురుతూ కనపడతావా ఆయనకి? పెట్టు టోపీ!"

లొక్ టోపీ పెట్టుకున్నాడు.

సంతకొచ్చిన జనాన్ని తరిమి తెచ్చి థొమ్‌తో పాటు వరసగా నిలబెట్టారు. ఒక్కరూ శవం వంక చూడటం లేదు. అందరి చూపులూ నేలమీదే ఉన్నాయి.

థొమ్‌కి ఇప్పుడు కావలసింది ఒక్కటే. పొద్దుగూకేలోపు కొడుకుని సొంత పొలంలో, తండ్రి పక్కన పూడ్చుకోవాలి. లేకపోతే వాడి ఆత్మ ఆకలితో ఊళ్ళమ్మట తిరుగుతుంది. బతికున్నప్పుడే వాడు ఆకలికి ఆగలేని మనిషి.

మూడేళ్ళ కిందట వాణ్ణి తుపాకీ పట్టడానికి పంపింది ఆవిడే. తన అన్నదమ్ములు వద్దన్నా వినలేదు. తీసుకెళ్ళేవాళ్ళు మంచివాళ్ళు, నా బిడ్డని తమ బిడ్డలా చూసుకుంటారు అంది. ఎంత గుడ్డిగా నమ్మిందో తలుచుకుంటే తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది. నమ్మినవాళ్ళే నట్టేట ముంచారు.

హెలికాప్టర్ దిగింది. దుమ్ము లేచింది. ఆడవాళ్ళ తాటాకు టోపీలు ఎగిరి కాలవలో పడ్డాయి. ఆరడుగుల పైచిలుకు మనిషి, జనరల్, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాల దుబాసీ.

"ఈ తాలూకాలో ఇలాంటివాళ్ళు ఎంతమంది?" అని అడిగాడు జనరల్.

"ఏం చెప్పమంటారు సార్! ఊరూరా ఉన్నారు. పగలు నాట్లేస్తారు, చీకటి పడితే మా మీద పడతారు. నా దగ్గర ఉన్నది నూరుమంది. మీరు మనుషుల్ని పంపాలి, హెలికాప్టర్లు పంపాలి. లేదంటే ఈ తాలూకాకి నీళ్ళొదులుకోవాల్సిందే" అన్నాడు ఖాయ్.

జనరల్ శవాన్ని చూశాడు. జనాన్ని చూశాడు.

"ఎవరూ ఏడవడం లేదేం?"

"ఎందుకేడుస్తారు సార్? పీడా వదిలిందనుకుంటున్నారు. జనమంతా మన వైపే."

జనరల్ జాగ్రత్త గల మనిషి. ఒకరి మాట పట్టుకుని యుద్ధం చేసే రకం కాదు. నేరుగా వరస దగ్గరకొచ్చి, అందరిలోకీ ముసలిదైన థొమ్ ముందు ఆగాడు.

"ఈ పడున్నవాడు నీకు తెలుసా అని అడుగుతున్నారు పెద్దమ్మా" అన్నాడు దుబాసీ.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు. ఈ పొడుగు దొర వింటాడేమో, ఈ కెప్టెన్ ఆట కట్టిస్తాడేమో. కెప్టెన్ ఖాయ్ కాలవ వైపు ఒకసారి చూశాడు.

"తెలీదు దొరా" అంది థొమ్. "ఎవరి బిడ్డో."

అలా అన్నందుకు ఆ తల్లికి చచ్చిపోవాలనిపించింది.

జనరల్ ఆవిడ భుజం తట్టి, చేతిలో చాక్లెట్ల పొట్లం పెట్టాడు. "భయపడకు. మావాళ్ళు వస్తారు. ఇక ఇలాంటివాళ్ళు నీ గడప తొక్కరు" అని చెప్పించాడు. ఖాయ్‌తో చేయి కలిపాడు. "నా రిపోర్టు ఇవాళే వెళ్తుంది. ముందు మూడు వేలమంది వస్తారు. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం."

హెలికాప్టర్ లేచిపోయింది. కెప్టెన్ ముఖం వెలిగిపోయింది.

శవాన్ని మాత్రం ఇచ్చాడు. పడవలోకి చేర్చడానికి లొక్ సాయం పట్టాడు. చేర్చాక బురదలోనే ఆవిడ కాళ్ళ మీద పడి బావురుమన్నాడు. ఆ రోజు అక్కడ ఏడ్చింది వాడొక్కడే.

"నన్ను చంపెయ్యి పిన్నీ!"

"లే నాయనా. నువ్వు కావాలని చేశావా ఏంటి? నీ మీద కోపం లేదు" అంది థొమ్. తర్వాత కచేరీ వైపు తిరిగి కాండ్రించి ఉమ్మింది. "ఆ పెద్దమనిషిని మాత్రం ఏడు జన్మలకీ వదల్ను."

ఇంటికి చేరాక ఆ నల్ల బట్టలు పీకి పారేసి, ఒళ్ళు కడిగి, మొన్న పొద్దున తుపాకీ తుడుస్తున్న లొక్ చేతిలో పొరపాటున పేలిన గుండుకి పోయిన తన కొడుక్కి, మూడేళ్ళ కిందట కెప్టెన్ ఖాయ్ తన చేత్తో ఇచ్చిన సర్కారు సిపాయి యూనిఫాం తొడిగింది థొమ్.