పదో గంట

“గానుగెద్దుకి కట్టినట్టు నాకీ గంతలేటి సార్? ఆరేళ్ళ నుంచి పొలాల మీద మందు చల్లుతున్నాను. కళ్ళతో చూసే కదా నడిపాను!”

రాజబాబు చేతిలోని హుడ్‌ను షెడ్డులో బల్ల మీద పడేశాడు. నుదుటికి తగిలించుకునే నల్ల అట్ట అది. పెట్టుకుంటే హెలికాప్టర్ మీటర్లు కనబడతాయి. బయట ఏదీ కనబడదు.

“మబ్బులో పడితే ఆ కళ్ళు ఏటి చేత్తాయయ్యా?” అన్నాడు గణపతిరావు. “రూలు నేను రాయలేదు. ఇష్టం లేకపోతే చెప్పు. మధ్యాహ్నం బండికి కలకత్తా పోతాను.”

రాజబాబు హుడ్‌ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కమర్షియల్ లైసెన్సు నిలవాలంటే మీటర్లు మాత్రమే చూస్తూ పది గంటలు నడపాలని కొత్త నిబంధన వచ్చింది. తొమ్మిది గంటలు అయ్యాయి. వాటికి సంతకాలు పెట్టిన శిక్షకుడు బదిలీ అయి వెళ్ళిపోయాడు. పదో గంట కోసం మందు చల్లే కంపెనీ ఈ ఉదయమే గణపతిరావును జంషెడ్‌పూర్ రప్పించింది. సోమవారంతో లైసెన్సు గడువు తీరిపోతుంది. లాగ్‌బుక్కులో ఆయన సంతకం పడకపోతే మంగళవారం నుంచి రాజబాబుకు ఉద్యోగం లేదు.

“పెట్టీ రాజబాబూ,” అన్నాడు మెకానిక్ పోలరాజు, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. “మీ కిరస్తానీ పెళ్ళిళ్ళలో బాసికం ఉండదు గదా. ఇలాగైనా కట్టుకో.”

గణపతిరావు నవ్వలేదు. నల్ల కళ్ళద్దాలు సర్దుకుని రాజబాబు భుజం మీద చెయ్యి వేశాడు. హెలికాప్టర్ ఎక్కేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

“ఎత్తడం నీదే, దించడం నీదే. నేను చెయ్యి పెట్టను. బయట చూసుకోడానికి మాత్రం నేనున్నాను,” అన్నాడు.

ఎనిమిది వందల అడుగులు ఎక్కాక రాజబాబు హుడ్ తగిలించుకున్నాడు. సువర్ణరేఖ నది, వంతెన, మాంగో పేట ఇళ్ళు అన్నీ పోయాయి. ఎదుట బోర్డు మీది ఆరు మీటర్లే మిగిలాయి.

“ఎత్తు?” హెడ్‌ఫోన్లో గణపతిరావు గొంతు.

“ఎనిమిది వందలు సార్.”

“దిక్కు?”

“నూట ఇరవై డిగ్రీలు.”

“వేగం?”

“యాభై.”

అర నిమిషానికి మళ్ళీ అవే మూడు ప్రశ్నలు. మళ్ళీ అర నిమిషానికి. పావుగంట గడిచేసరికి రాజబాబుకు విసుగొచ్చింది.

“బోర్డు మీ ముందూ ఉంది గదా సార్.”

“అడిగింది చెప్పు.”

ఒళ్ళు కుడికి ఒరిగిపోతున్నట్టుంది. మీటరు చూస్తే తిన్నగా పోతున్నట్టు చూపిస్తోంది. ముక్కుకి ఉక్కు కార్ఖానా కోక్ బట్టీల ఘాటు తగిలింది.

“కార్ఖానా దగ్గరికి వచ్చీసాం సార్. ఎడమకి తిప్పనా?”

“వాసన పట్టి నడుపుతావేటి? దిక్కు చెప్పు ముందు.”

“నూట ముప్పై.”

“తిప్పు. డెబ్భై మీద నిలుపు.”

తిప్పుతుండగా మీటర్ల మీద ఒక నీడ పడి పోయింది. ఆ వెంటనే హెలికాప్టర్ ఎగిరిపడింది. రాజబాబు చెయ్యి హుడ్ మీదికి వెళ్ళింది.

“తీసావంటే సంతకం పెట్టను!”

“ఏదో పోయింది సార్! చాలా దగ్గర!”

“గద్ద. నేను చూత్తన్నాను గదా. నువ్వు లోపల చూడు. ఎత్తు?”

“ఏడు వందల... ఏడు వందల యాభై.”

“ఎక్కు.”

గంట పూర్తయింది. గణపతిరావు చెప్పాక హుడ్ తీసి, రాజబాబే దించాడు. రెక్కలు ఆగకముందే పోలరాజు పరుగెత్తుకొచ్చాడు.

“ఏటి సాబ్ మీరు! ఫ్లయింగ్ క్లబ్బు విమానం మీ ముక్కు మీదకి వచ్చీసింది! దాన్ని నడిపే పిల్లోడే పక్కకి లాక్కున్నాడు. మీరు ఇంచీ కదల్నేదు! ఆఁ? దేఖా నహీఁ క్యా?”

“చూసాను,” అన్నాడు గణపతిరావు. “కావాలనే కదల్లేదు. వీడు బెదురుతాడో లేదో చూద్దామని.”

“గద్ద అన్నారు గదా సార్?” అన్నాడు రాజబాబు.

“విమానం అంటే హుడ్ పీకేసీవోడివి. పద, పుస్తకం తే.”

పోలరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “విమానాన్ని చూసి కూడా ఊరుకుంటారా ఎవరైనా? ఇది పరీచ్చేటి? పైనున్నోళ్ళకి రాత్తాను నేను.”

“ఊరుకో పోలరాజూ,” అన్నాడు రాజబాబు. అన్నాక తన గొంతు తనకే నచ్చలేదు. రెండు ప్రాణాలు, అటువైపు ఇంకొకటి. కానీ సోమవారానికి మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

గణపతిరావు మళ్ళీ అతని భుజం పట్టుకుని షెడ్డులోకి నడిచాడు. ఎండలోంచి వచ్చినా నల్ల కళ్ళద్దాలు తియ్యలేదు. కుర్చీలో కూర్చున్నాడు. రాజబాబు లాగ్‌బుక్కు తెరిచి ఆయన ముందు పెట్టాడు. ఆయన ఎడమచేత్తో కాగితాన్ని తడిమి, తల ఊపాడు.

“బాగా నడిపావు. అడిగిందే తడవు అంకెలు చెప్పావు. మీటర్ని నమ్మినోడు బతుకుతాడు.”

తేదీ, వేళ రాయలేదని రాజబాబుకు అప్పుడు గుర్తొచ్చింది.

మెల్లగా పుస్తకాన్ని తన వైపుకు లాక్కున్నాడు. తేదీ రాశాడు. బయలుదేరిన వేళ రాశాడు. దిగిన వేళ రాస్తుండగా ఎదుట ఇంకో కలం గీసిన చప్పుడు వినబడి తలెత్తాడు.

గణపతిరావు సంతకం పూర్తి చేసి కలానికి మూత పెడుతున్నాడు. ఒక్క అక్షరం వణకకుండా ఆయన పేరు ఖాళీ బల్ల మీద ఉంది.