మూడు రోజుల ఉప్పు

"నీ రొట్టె నాకొద్దు ఖాన్. పళ్ళెం తీయించు."

"ఒక్క తునక నోట్లో వేసుకో ప్రిచర్డ్. ఎప్పుడనగా బయల్దేరావో, ముఖం పీక్కుపోయింది."

"తింటే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ జర్మన్‌ని బయటికి పంపు. సూర్యుడు నడినెత్తికొచ్చేదాకా చూస్తాను. ఆ తర్వాత నా కింది అధికారి నాయబ్ జెండా ఊపుతాడు, గుట్ట మీది ఫిరంగులు పేలతాయి."

కొండల్లో మందలు మేపుకుంటూ తిరిగే మా కష్గాయి తెగలో హైదర్ కులీ ఖాన్ గుడారం పెద్దది, ఆయన మొండితనం అంతకంటే పెద్దది. ఆ గుడారంలో ఉప్పు తిన్నవాడు మూడు రోజులపాటు దాని మీదికి చెయ్యెత్తకూడదు. దేశాలన్నీ ఒకదాన్నొకటి పొడుచుకు చస్తున్న ఆ యుద్ధం రోజుల్లో కూడా మా కొండల్లో ఈ కట్టడి తప్పిన మగాడు లేడు. తప్పితే వాడి వెనక నడిచే మనిషే ఉండడు. కెప్టెన్ ప్రిచర్డ్ వెంట వచ్చిన వందమంది తుపాకీవాళ్ళు జీతానికి ఇంగ్లీషువాళ్ళేగానీ పుట్టుకకి ఈ కొండలవాళ్ళే. అందుకే కెప్టెన్ పొద్దుటినుంచి టీ గ్లాసు కూడా ముట్టలేదు. ఎంత మంచి రోజులవి! ఫిరంగి ఉన్నవాడు కూడా ఉప్పురాయికి భయపడేవాడు.

"మూడు రోజులు ఆగు, చాలు," అన్నాడు ఖాన్.

"మూడు రోజుల్లో వాణ్ణి డోలీలో కనుమ దాటించేస్తావు. నేను చంటిపిల్లాణ్ణనుకున్నావా?"

తెర తొలగించుకుని ఖాన్ తల్లి గోలందాం బీబీ బయటికొచ్చింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవరబ్బా ఇది, మన జ్వరం దొరేనా? నలభై రోజులు నా చేతి జావ తాగినప్పుడు ఈ బెట్టు లేదే!"

కెప్టెన్ చటుక్కున లేచి టోపీ తీశాడు. "అప్పుడు నేను తంతి స్తంభాలు పాతించుకునేవాణ్ణమ్మా."

"కలవరిస్తూ మీ అమ్మననుకుని నా చెయ్యి పట్టుకునేవాడివి. వదిలితే ఏడుపు."

"గుర్తుంది."

"జ్వరం తగ్గి వేటకొస్తే మాత్రం ఏం ఒరిగింది?" అన్నాడు ఖాన్. "కొండమేకకి గురిపెట్టి నా టోపీ ఎగరగొట్టాడు. ఆ మేక ఇప్పటికీ నవ్వుకుంటూ ఉంటుంది!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. పదేళ్ళ కిందటి ఆ వసంతం, ఆ పచ్చిక, ఆ గుర్రాలు ఒక్కసారిగా ముగ్గురి కళ్ళముందూ తిరిగాయి. అంతలో తెర వెనకనుంచి జర్మన్ మూలుగు వినిపించింది. నవ్వు ఆగిపోయింది.

"కాలు విరిగి, ఒళ్ళు కాలిపోతూ వచ్చాడు," అంది బీబీ. "వాడికీ నేనే జావ పోస్తున్నాను. ఆ రోజు ఎవరైనా వచ్చి నిన్నిమ్మంటే ఇచ్చేదాన్నా?"

కెప్టెన్ తల దించుకున్నాడు. "ఇచ్చేదానివి కాదు. అదే నా బాధ. కానీ ఇప్పుడు మా రాజుగారి ఉప్పు తింటున్నానమ్మా. ఒక్క కడుపులో రెండు ఉప్పులు ఇమడవు. కాసిని మంచినీళ్ళుంటే ఇవ్వు, నాలుక పిడచకట్టుకుపోతోంది."

నీళ్ళకి కట్టడి లేదు. కానీ ఖాన్ తల్లివైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. ఆమెకి అర్థమైంది. లోపలికి వెళ్ళి పెద్ద గిన్నెతో తిరిగొచ్చింది.

"నీళ్ళెక్కడివి నాయనా? గుట్ట మీది ఊట పక్కనే నీ ఫిరంగులు పెట్టావు, ఆడవాళ్ళు అటు వెళ్ళలేదు. మజ్జిగుంది, తాగు."

మా గుడారాల్లో మజ్జిగంటే ఉప్పు వేసిందే. దాహం మీదున్న మనిషికి ఆ సంగతి తట్టలేదు. గటగటా తాగేసి గిన్నె దించాడు.

ఖాన్ తొడ చరిచాడు. "అయింది! నా ఉప్పు నీ కడుపులో పడింది! ఇక మూడు రోజులు నువ్వు నా తమ్ముడివి!"

కెప్టెన్ ముఖం పాలిపోయింది. నాలుకతో పెదవులు తడిమి చూసుకున్నాడు. "ఉప్పు లేదే!"

"లేకపోవడమేమిటి?" ఖాన్ గిన్నె లాక్కుని అడుగున మిగిలింది వేలితో నాకాడు. మళ్ళీ నాకాడు. "అమ్మా! ఏం చేశావమ్మా?"

బీబీ కెప్టెన్‌నే చూస్తోంది. "ఉప్పు గుప్పిట్లోకి తీసుకున్నాను. చెయ్యాడలేదురా. దాహం అని అడిగినవాణ్ణి మోసం చెయ్యడం ఈ వయసులో నేర్చుకోలేను." కళ్ళొత్తుకుంది. "నువ్వేమీ బాధపడకు అబ్బాయీ. నీ పని నువ్వు చేసుకో. మేం ముగ్గురం ఇక్కడే కూర్చుంటాం."

ఖాన్ తల పట్టుకుని కూలబడ్డాడు. పదేళ్ళ స్నేహం, వెయ్యి గుడారాల పరువు గుప్పెడు ఉప్పు దగ్గర ఆగిపోయాయి.

గుర్రాల దగ్గరున్న నాయబ్ ముర్తజా గుమ్మందాకా వచ్చాడు. దూరంనుంచి వాడికి ఈ గోలంతా వినపడలేదు. చేతిలో జెండా విప్పి ఉంది.

"సూర్యుడు నడినెత్తికొచ్చాడు సాహెబ్. ఊపమంటారా?"

కెప్టెన్ బీబీ వైపు చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని మీసం తుడుచుకున్నాడు.

"చుట్టెయ్ నాయబ్, ఇంకో మూడు రోజులు మనకేం పని లేదు. ఈ ముసలమ్మ మజ్జిగలో నాకు తెలీకుండా చారెడు ఉప్పు పోసింది!"